టెక్సస్‌లో చూడ్డానికి ఏమీ లేదన్నవాళ్లు ఎంతవరకు తిరిగారో అడగండి

"టెక్సస్ అంతా చదునైన ఎడారి, చూడ్డానికేమీ ఉండదట, నిజమేనా? ఆగస్టులో డాలస్ వస్తున్నాను" అని అడిగారు. మీకా మాట చెప్పినాయన డాలస్ పక్కనే ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉంటాడని పందెం కాస్తాను. శనివారం ఎవరింట్లోనో పుట్టినరోజు, ఆదివారం ఇండియన్ గ్రోసరీ, ఏడాదికోసారి గాల్వెస్టన్ బీచ్. అక్కడి బురదనీళ్లు చూసొచ్చి రాష్ట్రం మొత్తానికీ తీర్పు చెప్పేస్తారు మనవాళ్లు.

ఎడారి ఉంది, పడమటి కొసన. తూర్పున బోమాంట్‌లో ఏటా 60 అంగుళాల దాకా వాన పడితే ఎల్ పాసోలో సుమారు 9 అంగుళాలు. మన రెండు రాష్ట్రాలు కలిపినా విస్తీర్ణంలో టెక్సస్‌లో సగం రావు, ఇక ఒక్క ముక్కలో జవాబేం చెప్పమంటారు?

నాకైతే ఈ సంగతి మా నాన్న వచ్చినప్పుడు తలకెక్కింది. ఆయనది అద్దంకి వైపు పత్తి, శనగ సేద్యం. వచ్చిన మర్నాడే పెరట్లో నెర్రెలు చూసి "ఇది మన రేగడేరా" అన్నారు. నిజమే, డాలస్ చుట్టుపక్కలంతా నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అందుకే వేసవిలో పునాది చుట్టూ పైపు పరిచి తడపాలి. "పైరుకి నీళ్లు పెట్టడం ఎరుగుదును గానీ ఇంటికి పెట్టడం ఇప్పుడే చూస్తన్నా" అని ఒకటే నవ్వు. ఇల్లు కొంటే ఇది బిల్డరు చెప్పడు, గుర్తుంచుకోండి. మా హాల్లో గోడ బీటలిచ్చాక అడిగితే "ఇక్కడ మామూలే" అన్నాడు మా బిల్డరు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి ఆయన్ని మెక్సికో సరిహద్దులోని బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాను. స్వీట్‌వాటర్ దగ్గర కనుచూపుమేరా గాలిమరలు, మిడ్‌లాండ్ దగ్గర చమురు పంపులు, మధ్యలో పత్తి చేలు. కూలీ అన్నవాడు లేకుండా యంత్రం పత్తి తీస్తుంటే కారాపమని దిగి, చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వచ్చి కూర్చున్నారు. ఫోర్ట్ స్టాక్టన్ దాటాక చెట్లు తుప్పలయ్యాయి, తుప్పలు ముళ్లయ్యాయి. "ఇంకా అదే రాష్ట్రమేనా?" అని అడుగుతూనే ఉన్నారు.

పార్కులో సాంటా ఎలీనా లోయ ముందు నిలబడితే 1,500 అడుగుల సున్నపురాతి గోడలు రెండు. ఎడమది మెక్సికో, కుడిది అమెరికా, నడుమ రియో గ్రాండే. జనమంతా తలెత్తి ఫోటోలు తీసుకుంటుంటే ఈయన వంగి నీళ్లు చూస్తున్నారు. "దీన్నా నదంటున్నారు? మన మేజరు కాలవ ఇంతకన్నా లోతు." కొలరాడో కొండల్లో పుట్టిన నీళ్లు ఎల్ పాసో దాటేసరికి చాలామటుకు సేద్యానికే అయిపోతాయనీ, ఇక్కడ పారేది ఎక్కువగా మెక్సికో నుంచొచ్చి కలిసే కాంచోస్ నీళ్లేననీ చెప్పాను. సాగర్ కుడికాలవ చివరాఖరి రైతుకి అంతకన్నా చెప్పాల్సిన పనిలేదు. "పైనోళ్లు తోడుకున్నాక కిందోళ్లకి పేరే మిగులుద్ది" అన్నారు. రాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి చిసోస్ కొండల్లో ఉన్నాం. అక్కడ ఓక్ చెట్లు, పైన్ చెట్లు, ఎలుగుబంట్లతో జాగ్రత్తంటూ బోర్డులు, స్వెట్టరు వేసుకునేంత చలి. పొద్దున చూసిన ఎడారికీ ఈ అడవికీ మధ్య కారులో గంటా గంటన్నర అంతే.

అంత దూరం ఓపిక లేదంటే డాలస్ నుంచి తూర్పుగా మూడు గంటల్లో కాడో సరస్సు. నీళ్లలోనే మొలిచిన సైప్రస్ చెట్లు, ప్రతి కొమ్మకీ బూడిదరంగు నాచులాంటి మొక్క వేలాడుతూ ఉంటుంది. లేదా ఐ-35 మీద ఆస్టిన్ వెళ్లి చూడండి. రోడ్డుకి తూర్పున రేగడి మైదానం, పడమట సున్నపురాతి గుట్టలు. ఆస్టిన్ అందమంతా ఆ గుట్టల పుణ్యమే, ఊరి గొప్పేమీ లేదని నా అభిప్రాయం. నన్ను విసిగించేది కంచెలు. ఈ రాష్ట్రంలో 95 శాతం భూమి ప్రైవేటుదే. ఏ గుట్ట బాగుందని కారాపినా ముళ్లతీగ, దానికో హెచ్చరిక బోర్డు.

ఆగస్టులో బిగ్ బెండ్ మాత్రం వద్దు, నది ఒడ్డున వంద ఫారెన్‌హీట్ దాటుతుంది. నవంబరు దాకా ఆగండి. వెళ్లేటప్పుడు దారిలో మారథాన్ అనే ఊళ్లో ట్యాంకు నిండా పోయించుకోండి. అక్కణ్నుంచి పార్కు ఆఫీసు దాకా 70 మైళ్లు, మధ్యలో ఒక్క బంకు లేదు.