మూలనపడ్డ పడవ ఇంజిను: ప్లగ్గు ముందు, తాడు తర్వాత

ప్రశ్న: నిజాంపట్నంలో వాడిన జాన్సన్ అవుట్‌బోర్డు ఇంజిను (పడవ వెనక తగిలించేది) ఒకటి మా ఇంట్లో ఉంది. 1970ల నాటిది, రెండు సిలిండర్లు, టూ స్ట్రోకు. ఇరవయ్యేళ్లుగా గోడకి ఆనించే ఉంది. ఇంజిను పైనుండే బరువు చక్రం, ఫ్లైవీలుని చేత్తో తిప్పితే కాస్త కదిలి ఆగిపోతోంది. స్టార్టు చేసే తాడు గట్టిగా లాగితే అదే వదులుతుందని ఒకరు, డీజిలు పోసి వదిలేయమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది చెయ్యాలి? (ఒక పాఠకుడు, తాడేపల్లి)

జవాబు: రెండోవారి మాటే మేలు. తాడు జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. తుప్పుకి అతుక్కున్న పిస్టను రింగుని ఒక్క ఊపున లాగితే రింగు విరుగుతుంది, ఆ ముక్క సిలిండరు గోడని గీసేస్తుంది. యాభై ఏళ్ల నాటి ఇంజినుకి ఓవర్‌సైజు పిస్టను వెతుక్కోవడం కంటే వారం ఆగడం సుఖం.

ముందు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. గేరులో ఉండి, ప్రొపెల్లరు గోడకి తగులుతున్నా సరిగ్గా ఇలాగే కదిలి ఆగుతుంది. అది కాదని తేలితే రెండు ప్లగ్గులూ విప్పి, ఏటీఎఫ్ ఆయిలు (కార్ల ఆటోమేటిక్ గేరు బాక్సుల్లో పోసేది), డీజిలు చెరిసగం కలిపి ఒక్కో సిలిండరులో 10 మి.లీ. పోయండి. మూడు రోజులు ఆగి, ఫ్లైవీలుని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపండి. కదలకపోతే మళ్లీ పోసి మళ్లీ ఆగాలి. ఫ్లైవీలు మీద సుత్తి దెబ్బ వద్దు, లోపల అయస్కాంతాలు ఊడతాయి.

ఫ్లైవీలు పూర్తిగా తిరిగాక కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఒత్తిడి, చూడాలి. ప్లగ్గు వైర్లు రెండూ బాడీకి ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి పెట్టి నాలుగైదు సార్లు తాడు లాగండి. తాడు లాగాల్సింది ఇప్పుడు. అంకె ఎంతొచ్చిందన్నది అంత ముఖ్యం కాదు, రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. దాటితే స్పార్కు, కార్బరేటరు పని మొదలుపెట్టకుండా ముందు హెడ్డు విప్పి చూడండి.

పానాల విషయంలో చాలామంది పొరబడతారు. అమెరికన్ ఇంజిను కాబట్టి బోల్టులన్నీ అంగుళాల కొలతవి. అర అంగుళం అంటే 12.7 మి.మీ. దానికి 13 నంబరు పానా పట్టినట్టే ఉంటుంది గానీ, బిగుసుకున్న బోల్టు మీద జారి మూలలు అరిగిపోతాయి. 7/16 బోల్టుకి 11 నంబరు ఎక్కదు, 12 జారుతుంది. ఆటోనగర్‌లో అంగుళాల సెట్టు అడిగి తెచ్చుకున్నాకే పని మొదలుపెట్టండి. మీది సముద్రం మీద తిరిగిన ఇంజిను. అల్యూమినియం బాడీలో ఉక్కు బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అక్కడ బలం పెట్టకూడదు. బోల్టు చుట్టూ బాడీని హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి, తుప్పు వదిలించే ఆయిలు వేసి, ముందు కాస్త బిగించి తర్వాత వదులు చెయ్యండి. దగ్గర్లో పెట్రోలు ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

స్పార్కుకి సంబంధించినవన్నీ ఫ్లైవీలు కిందే ఉంటాయి. దాన్ని తియ్యడానికి మధ్యలో మర ఉన్న రంధ్రాలకి బిగించే పుల్లరు కావాలి. అంచుని పట్టి లాగే పుల్లరు పెడితే ఫ్లైవీలు వంగుతుంది. లోపల పాయింట్లు (స్పార్కు కోసం కరెంటుని కలిపి తెంచేవి) తెల్లబారి ఉంటాయి. 600 నంబరు ఎమరీ పేపరుతో రుద్ది, స్పిరిట్‌లో తడిపిన కాగితం మధ్యలో పెట్టి లాగండి. ఈ రెండో పని మానేస్తే ఎమరీ పొడి అక్కడే మిగిలి స్పార్కు రాదు. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట గ్యాప్ 0.5 మి.మీ. ఉండాలి. కాయిల్ ప్లాస్టిక్ మీద వెంట్రుకంత పగులు కనిపించినా కొత్తది వెయ్యాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కగానే ఒక సిలిండరు చచ్చిపోవడం ఈ పగుళ్ల వల్లే. ఫ్లైవీలు తిరిగి బిగించేటప్పుడు షాఫ్టు వాలు మీద ఆయిలు, గ్రీజు ఏమీ ఉండకూడదు. ఉంటే ఫ్లైవీలు జారి కీ తెగిపోతుంది, టైమింగ్ తప్పుతుంది.

కార్బరేటరులో పాత పెట్రోలు లక్కలా గట్టిపడి ఉంటుంది. జెట్టు రంధ్రాన్ని సూదితో పొడిస్తే పెద్దదవుతుంది, కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు వాడండి. ఫ్లోటు బెండుదైతే గోరుతో నొక్కి చూడండి. మెత్తగా, బరువుగా ఉంటే పెట్రోలు పీల్చిందని అర్థం, అది ఇక తేలదు. పెట్రోలు పంపు డయాఫ్రం, రబ్బరు గొట్టాలు చూడ్డానికి బాగున్నా మార్చెయ్యండి.

ఇంజినుని చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లరు సంగతీ అంతే. రెక్కలు ఏళ్ల తరబడి ఒకేవైపు వంగి ఉండి అలాగే బిగుసుకుపోతాయి, నీళ్లు తోడవు. కొత్తది కూర్చోబెట్టేటప్పుడు డ్రైవ్ షాఫ్టుని కుడివైపుకి, అంటే గడియారం ముల్లు దిశలో తిప్పుతూ దించాలి. ఆ తర్వాత ఫ్లైవీలుని ఎదురు తిప్పకూడదు. థర్మోస్టాట్‌ని గిన్నెలో వేసి నీళ్లు కాచి చూడండి, సుమారు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి.

గేరు ఆయిలు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ కంపెనీ కొన్ని మోడళ్లలో డ్రెయిన్ స్క్రూ పక్కనే ప్లస్ తల ఉన్న ఇంకో స్క్రూ ఉంటుంది. అది గేరు మార్చే లివరుది. విప్పారంటే లివరు లోపల జారి, గేరు బాక్సంతా విప్పాల్సి వస్తుంది. పాత ఆయిలు మజ్జిగలా తెల్లగా వస్తే నీళ్లు చేరాయి, సీళ్లు మార్చాలి. కొత్తది ఈపీ 90 ఆయిలు, కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించి, పై రంధ్రంలోంచి కారేదాకా పట్టండి. పైనుంచి పోస్తే గాలి ఇరుక్కుపోతుంది.

ప్రశ్న: పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలి? బైకులకి వాడే 2టి ఆయిలు పోస్తే సరిపోదా? (ఉండవల్లి నుంచి)

జవాబు: ఇంజిను మీది ఫలకం చూడండి. 1970ల నాటి జాన్సన్లకి ఎక్కువగా 50:1, అంటే 5 లీటర్ల పెట్రోలుకి 100 మి.లీ. అరవైల తొలినాటి వాటికి 24:1, అంటే 5 లీటర్లకి సుమారు 210 మి.లీ. చాలాకాలం ఆగిన ఇంజినుకి మొదటి ట్యాంకు వరకు 5 లీటర్లకి 200 మి.లీ. పోయండి, పొగ వస్తే రానివ్వండి. ఆయిలు టీసీ-డబ్ల్యూ3 రకమే (నీటితో చల్లబడే టూ స్ట్రోకు ఇంజిన్లకోసం చేసింది) కావాలి. బైకు ఆయిలు గాలితో చల్లబడే ఇంజిన్లకోసం చేసింది, నీటితో చల్లబడే ఇంజినులో ప్లగ్గుల మీద మసి కట్టిస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమ పీలుస్తుంది, బెండు ఫ్లోటు మీది లక్క పూతని కరిగిస్తుంది. పని అయ్యాక గొట్టం ఊడదీసి, కార్బరేటరులో ఉన్నది అయిపోయి ఇంజిను దానంతటదే ఆగేదాకా నడపండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా షెడ్డులోని పాత ఒంటి సిలిండరు డీజిలు ఇంజిను నాలుగు రోజులు మునిగింది. పడవకి వాడేది. అప్పట్నుంచి ముట్టుకోలేదు. హ్యాండిల్ వేసి చూడొచ్చా? (సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: వద్దు. సిలిండరులో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ఆయిలు సంపు డ్రెయిన్ వదులు చెయ్యండి. నీళ్లు అడుగున ఉంటాయి కాబట్టి మొదట అవే వస్తాయి. తర్వాత నాజిల్, రాకర్ కవరు, సంపు తలుపు తీసి లోపల పట్టిన ఒండ్రుని డీజిలుతో కడగండి. క్రాంకు దగ్గర ఇసుక రేణువు మిగిలినా బేరింగు పోతుంది, కాబట్టి ఈ పనికి ఒక పూట కేటాయించండి. ఫ్యూయల్ పంపులో ప్లంజరు, బ్యారెల్ జతగా సానపట్టినవి. ఇంట్లో విప్పకుండా పంపు కాలిబ్రేషన్ చేసే షాపుకి ఇచ్చెయ్యండి. సంపులో కొత్త ఆయిలు పోసి, ట్యాంకు కడిగి, కొత్త డీజిలు పోసి, డీజిలు గొట్టాల్లోని గాలి తీసి స్టార్టు చెయ్యండి. పావుగంట నడిపాక ఆయిలు మార్చి, పది గంటలు తిరిగాక మళ్లీ మార్చండి.

స్టార్టు చేసేటప్పుడు ఎయిర్ ఫిల్టరు తీసేసి, ఒక చెక్క పలక చేతికి అందేలా ఉంచండి. సిలిండరులోకి చేరిన ఆయిలునే మండించుకుని ఇంజిను వేగం అందుకుంటే డీజిలు కట్టేసినా ఆగదు. గాలి రంధ్రాన్ని పలకతో మూస్తేనే ఆగుతుంది. అరచెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి.

ప్రశ్న: బాగుచేసిన అవుట్‌బోర్డుని నేరుగా కృష్ణలోనే పరీక్షించవచ్చా? (సీతానగరం)

జవాబు: ముందు 200 లీటర్ల డ్రమ్ములో. ప్రొపెల్లరు పైనున్న పలక మునిగి, ఇంకో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లుండాలి. నీళ్లు లేకుండా అర నిమిషం నడిపినా కొత్త ఇంపెల్లరు కాలిపోతుంది. మూడు నిమిషాలయ్యాక హెడ్డు మీద నీళ్లు చిలకరించండి, చుయ్‌మంటే వెంటనే ఆపండి. నదిలోకి వెళ్లేటప్పుడు తెడ్లు, లంగరు, రెండు స్పేరు షియర్ పిన్నులు (ప్రొపెల్లరుని షాఫ్టుకి పట్టి ఉంచేవి) దగ్గరుంచుకోండి. పిన్ను బదులు మేకు కొట్టకండి. రాయి తగిలినప్పుడు పిన్ను విరగడానికే ఉంది, మేకు విరగకపోతే గేరు పళ్లు విరుగుతాయి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో ఎగువన అసలు దిగొద్దు. ఇంజిను ఆగిన పడవని ప్రవాహం గేట్ల వైపే లాక్కుపోతుంది.