మందు మానేశాక కాళ్ల మంటలు ఎక్కువయ్యాయి, ఏం చేయాలి?

నగరి నుంచి ఒకాయన రాశారు. వయసు 47, మరమగ్గాల మీద పని. ఇరవై ఏళ్లు తాగి, పది నెలల కిందట మానేశారు. ఇప్పుడు అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, రాత్రయితే దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోతున్నారట. "తాగేటప్పుడు ఇంత నొప్పి లేదు. ఒక్క క్వార్టర్ వేసుకుంటే నిద్రన్నా పడుతుంది కదా అనిపిస్తోంది. తాగడానికి సాకు వెతుక్కుంటున్నానని మా బామ్మర్ది అంటున్నాడు. ఏడాది నిండితే నన్ను అలిపిరి నుంచి నడిపించి కొండకు తీసుకొస్తానని మా ఆవిడ మొక్కుకుంది. ఈ కాళ్లతో ఎట్లా ఎక్కేది? ఒక్కోసారి చచ్చిపోతే బాగుండు అనిపిస్తోంది" అన్నారు.

ముందు మీ చివరి మాట గురించి. దాన్ని మామూలు మాటగా నేను తీసుకోను, మీరూ తీసుకోవద్దు. ఈ సంగతి ఈ రోజే మీ ఆవిడకు చెప్పండి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఆమె చేతికివ్వండి. అర్ధరాత్రి ఆ ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆగలేనేమో అనిపిస్తే ఒంటరిగా ఉండకుండా ఎవరినైనా వెంటబెట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లిపోండి.

ఇక నొప్పి. ఇది నాటకం కాదు. ఏళ్ల తరబడి తాగితే ఆల్కహాల్ నరాలను నేరుగా దెబ్బతీస్తుంది, పైగా తాగే రోజుల్లో తిండి సరిగ్గా తినరు, తిన్నదాంట్లోని బీ1 విటమిన్ కూడా ఒంటికి పట్టదు. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరాలు కాళ్లకు వెళ్లేవే కాబట్టి దెబ్బ ముందు వేళ్లలో, అరికాళ్లలో తెలుస్తుంది, తర్వాత పైకి పాకుతుంది. మానేసినందుకు నొప్పి వచ్చిందనుకుంటున్నారు, కానీ నరాలు చెడింది తాగిన ఆ ఇరవై ఏళ్లలోనే, అప్పుడు మత్తు దాన్ని కప్పేసింది, అంతే. ఆ క్వార్టర్ ఒక రాత్రికి నొప్పిని కప్పి, నరాలను ఇంకొంచెం తినేస్తుంది. మానేయడమే ఈ జబ్బుకు మొదటి వైద్యం, దాన్ని మీరు పది నెలల కిందటే మొదలుపెట్టారు. నరాలు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి, పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేను, కానీ నొప్పిని భరించగలిగే స్థాయికి దించే మందులున్నాయి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మామూలు నొప్పి బిళ్లలు నరాల నొప్పికి సరిగ్గా పనిచేయవు, కడుపునూ కిడ్నీలనూ మాత్రం పాడుచేస్తాయి. దీనికి వాడే మందులు వేరు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ వంటివి. వీటిలో ఏది మీకు సరిపోతుందో మీ లివర్, కిడ్నీ రిపోర్టులు చూసే చెప్పాలి, లివర్ దెబ్బతిని ఉంటే డులోక్సెటిన్ ఇవ్వరు. ప్రీగాబాలిన్ కొందరికి అలవాటైపోతుంది, అందుకని రాసిన డోసే వేసుకోండి, చీటీ మీ ఆవిడ దగ్గర పెట్టండి. కొత్తలో ఇవి మత్తుగా ఉంటాయి, మీది మగ్గం పని, మొదటి వారం మెషిన్ దగ్గర జాగ్రత్త. ఇక ట్రమడాల్ అనే నొప్పి మాత్ర ఎవరైనా "ఇది గట్టిగా పనిచేస్తుంది" అని చేతిలో పెడితే వద్దని చెప్పండి. 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారంటే కారణముంది, ఒక అలవాటు నుంచి బయటపడుతున్న మనిషి ఇంకోదాంట్లో పడటం నేను చూస్తూనే ఉంటాను.

బంధువులు చెప్పేవి ఇంకొన్ని ఉంటాయి. నరాల బలహీనత అంటే చాలు అశ్వగంధారిష్టం తాగమంటారు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది, మీరు ముట్టకూడదు. దగ్గు సిరప్ కొన్నా ముందు లేబుల్ చూడండి. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్లు వెళ్లేది, మీది ఎముక కాదు. ఇంకొకటి మీ ఆవిడకు చెప్పాలి: మీకు తెలియకుండా సాంబారులో కలిపే "మందు మాన్పించే పొడి" ఎవరిచ్చినా తీసుకోవద్దు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉన్న మనిషి తెలియక తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మందును డాక్టరే రాసి ఉంటే కాళ్ల సంగతి ఆయనకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అది కూడా నరాలను దెబ్బతీయగలదు.

మొక్కు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, దీని గురించే నాకు భయం. అలిపిరి దారిలో 3550 మెట్లు, చెప్పుల్లేకుండా ఎక్కుతారు, ఎండ తగిలేచోట రాయి కాలిపోతుంది. లోపల మంట ఉన్నా, తిమ్మిరి పట్టిన పాదానికి బయటి ఆ వేడి తెలియదు, బొబ్బ తెలియదు, గాజుముక్క గుచ్చుకున్నా తెలియదు. పుండు పడి ముదిరాక వాసన వస్తే అప్పుడు చూసుకుంటారు. షుగర్ కూడా ఉంటే వేళ్లు తీసేయాల్సిన దాకా పోవచ్చు. బస్సెక్కి వెళ్లి తలనీలాలివ్వండి. స్వామికి మీ కష్టం తెలియదా? మీ ఆవిడకు మనసు ఒప్పకపోతే మొక్కుకున్నది ఆమే కాబట్టి ఆమె నడుస్తుంది, మీరు పైన కలుసుకోండి. ఇంటి దగ్గర కూడా రోజూ పడుకునే ముందు లైటు వేసి అరికాళ్లు, వేళ్ల సందులు ఆమెను చూడమనండి. మంట తగ్గుతుందని వేడినీళ్లలో పెట్టొద్దు, కాలినా తెలియదు. పనిలో మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు వేసుకోండి.

రాత్రి తాగాలనిపించే ఘడియ వస్తుంది. అది ఎక్కినట్టే దిగుతుంది, చాలామందికి అరగంట లోపలే. ఆ అరగంట ఎవరితో గడపాలో పగలే అనుకుని పెట్టుకోండి, లేచి కూర్చోండి, ఏదైనా తినండి, ఆవిడను లేపండి. ఖాళీ కడుపుతో పడుకోవద్దు. ఎప్పుడైనా తప్పి మళ్లీ రోజూ తాగే దాకా పోతే సిగ్గుతో ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేయొద్దు, ఫిట్స్ రావచ్చు, ఆసుపత్రిలో ఉండి ఆపాలి.

బామ్మర్దికి ఈ జవాబు చదివి వినిపించండి. ఆయన కోపంలోనూ భయమే ఉందనుకుంటాను, ఇరవై ఏళ్లు అక్క కష్టం చూసిన మనిషి కదా.

తిరుపతి ఆసుపత్రులకు రండి. స్విమ్స్‌లో న్యూరాలజీ ఓపీ, రుయాలో సైకియాట్రీ ఓపీ ఉన్నాయి. రెండుచోట్లా రెండు సంగతులూ చెప్పాలి. నరాల డాక్టరుకు తాగుడు దాచి, సైకియాట్రిస్టుకు నొప్పి దాచితే ఇద్దరూ సగం వైద్యమే చేస్తారు. షుగర్, బీ12, థైరాయిడ్, లివర్, కిడ్నీ పరీక్షలు చేయాలా అని మీరే అడగండి, ఎందుకంటే మంటలకు కారణం తాగుడొక్కటే అని చూడకుండా అనుకోకూడదు. బీ1 ఇంజెక్షన్ అవసరమా అని కూడా అడగండి. ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. లోపలికి మీ ఆవిడను కూడా రమ్మనండి, రాత్రి ఎన్ని గంటలకు లేచి కూర్చుంటారో, తిండి ఎంత తింటున్నారో మీకంటే ఆమె బాగా చెప్తుంది.