ఒక్క పడవని పట్టుకో

చిరంజీవి బుజ్జికి, అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఫోన్‌లో ఒకసారి, మీ మావయ్య కంప్యూటర్‌లో పెద్దవి చేసి పెడితే ఇంకోసారి. చార్‌కోల్‌తో వేసిన ఫిషింగ్ హార్బర్, కాగితం మడిచి కత్తిరించిన తామరపువ్వు, లినో (చెక్కి అచ్చు తీసే మెత్తటి పలక) మీద చెక్కిన ఏనుగు, ఆకులకి రంగు పూసి అద్దిన కార్డులు. చెయ్యి బాగా సాగుతోంది తల్లీ. హార్బర్ బొమ్మలో పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడే ఆ ఇరుకుని నువ్వు భలే పట్టావు. నాకు చాలా సంతోషం వేసింది. అయితే నువ్వు అడిగింది మెచ్చుకోమని కాదు, తరవాత ఏం చెయ్యాలో చెప్పమని. అదే చెబుతాను.

నాకు కనిపించిన లోటు ఒకటే. పద్ధతి మార్చినప్పుడల్లా వస్తువుని కూడా మార్చేస్తున్నావు. చార్‌కోల్ అనగానే హార్బర్, కత్తెర అనగానే పువ్వు, ఉలి అనగానే ఏనుగు. ఏనుగు సరిగా కుదరలేదని రాశావు. లోపం ఉలి పట్టడంలో ఉందా, ఏనుగుని సరిగ్గా చూడకపోవడంలో ఉందా? ఎలా తేలుతుంది? అందుకని ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఒక్క పడవని పట్టుకో. ఆ పడవనే గియ్యి, ఆ పడవనే కత్తిరించు, ఆ పడవనే చెక్కి అచ్చు వెయ్యి. అప్పుడు ఒక్కో పద్ధతి నీ దగ్గర ఏం లాక్కుంటుందో, బదులుగా ఏం ఇస్తుందో నీకే తెలిసొస్తుంది. చార్‌కోల్‌లో నలుపుకీ తెలుపుకీ మధ్య ఎన్ని బూడిద రంగులు కావాలంటే అన్ని దొరుకుతాయి. కత్తెర దగ్గరికొచ్చేసరికి అవన్నీ పోయి అంచు ఒక్కటే మిగులుతుంది. లినోలో చెక్కింది తెలుపు, వదిలింది నలుపు, అంతే. గాంధీగారు దండికి నడిచిన 1930లో చిత్రకారుడు నందలాల్ బోస్ చెక్కిన లినోకట్ నీ క్లాసులో చూపించే ఉంటారు. చేతికర్రతో నడిచే మనిషి, నలుపు తెలుపు, మరేం లేదు. ఆ నడకలోని పట్టుదల మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏం వదిలెయ్యాలో అంత కచ్చితంగా తెలియాలంటే ముందు ఆ మనిషిని ఎంత గీసి ఉండాలో ఆలోచించు.

కాబట్టి మొదలు గియ్యడమే. తెల్లారకముందే హార్బర్‌కి వెళ్లు, ఎవరినైనా తోడు తీసుకెళ్లు. వేలంపాట హడావిడి తగ్గాక ఒక మరబోటు ముందు నిలబడు. మొత్తం హార్బర్ వద్దు, పడవ ముక్కు చాలు. తాడు ఎక్కడ కట్టారో, దాని బరువుకి ఎలా వేలాడుతోందో, చెక్క పలకలు ముక్కు దగ్గరికొచ్చి ఎలా వంపు తిరిగాయో చూడు. పది నిమిషాల బొమ్మలు చాలా వెయ్యి, గంట బొమ్మ ఒక్కటి వెయ్యి. ఎరేజర్ ఇంట్లో వదిలేసి వెళ్లు. సాయంత్రం బీచ్ రోడ్డులో వెలుగు తగ్గే వేళ డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూడు. చెట్లు, రాళ్లు, ఇళ్లు అన్నీ కలిసిపోయి కొండ ఒకే ముద్దగా నిలబడుతుంది. అందులో గీత లేదు, అంచు ఉంది. కాగితం కత్తిరించే ముందు ఆ అంచుని కళ్లతో వెంబడించడం అలవాటు చేసుకో.

ఇక కాగితం. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ కాలేజీ పిల్లలు చాలామంది కాగితాన్ని ఖాళీ జాగా అనుకుంటారు. మిషన్ మీద తయారైన కాగితంలో పీచు ఒకే దిక్కున పరుచుకుని ఉంటుంది. ఒక షీటు నుంచి నిలువుగా ఒక పట్టీ, అడ్డంగా ఒక పట్టీ ఒకే కొలతకి కత్తిరించు. రెండింటినీ చివర్లు కలిపి వేళ్ల మధ్య పట్టుకో. ఒకటి వాలిపోతుంది, రెండోది గట్టిగా నిలబడుతుంది. నిలబడినదానిలో పీచు పొడుగునా ఉన్నట్టు. పీచు వెంబడి మడిస్తే మడత శుభ్రంగా పడుతుంది. అడ్డంగా మడిస్తే, మందం కాగితమైతే, మడత మీద చిన్న చిన్న పగుళ్లు వస్తాయి. నీ తామరపువ్వు రేకుల్లో సగం చక్కగా, సగం చిరుగు పట్టినట్టుగా ఉండడానికి కారణం ఇదే. నీ చెయ్యి తప్పేం లేదు. చేత్తో చేసిన కాగితంలో పీచు అన్ని దిక్కులా కలిసి ఉంటుంది, దానికి ఈ పేచీ తక్కువ.

పీచు సంగతి అచ్చు దగ్గర కూడా పనికొస్తుంది. తేమ తగిలితే కాగితం పీచుకి అడ్డంగా ఉబ్బుతుంది. మన ఊళ్లో గాలి నిండా తేమే కదా. ఒక రంగు ఈరోజు వేసి రెండో రంగు మూడు రోజులాగి వేస్తే, ఈలోపు వాన పడితే, గీతకి గీత కలవదు. అందుకని ఒకే ప్రింట్‌కి వాడే కాగితాలన్నీ ఒకే దిక్కున కత్తిరించుకో. అప్పుడు కదిలినా అన్నీ ఒకేలా కదులుతాయి.

పడవని కాగితంలో కత్తిరించేటప్పుడు తోలుబొమ్మలు గుర్తు తెచ్చుకో. తోలులో వేసే చిల్లులు అలంకారం కోసమే అనుకుంటాం. నగలు, చీర అంచు, కనుబొమ్మ అన్నీ వెలుగు దూరే చోట్లే. కానీ చిల్లుకీ చిల్లుకీ మధ్య వదిలిన తోలే బొమ్మని నిలబెడుతుంది. నీ పడవలో కూడా ముందు ఏ వంతెనలు మిగలాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, తరవాతే కత్తి పెట్టు. లోపలి చిన్న ఖాళీలు మొదట, బయటి అంచు చివర. బయటి అంచు ముందే కోసేస్తే చేతికి పట్టు దొరకదు. బ్లేడు ముక్క విరిచి కొత్త మొన తీసుకోవడానికి పిసినారితనం చెయ్యకు. మొద్దుబారిన బ్లేడు కాగితాన్ని కొయ్యదు, లాగి చింపుతుంది.

లినోకి వద్దాం. ఏనుగు ఫొటో చూస్తే అది నిజమైన లినో కాదనిపించింది, ఇంట్లో నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటులా ఉంది. అసలు లినో అవిసె నూనె, కార్క్ పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి చేస్తారు. వెనక గోనె కనిపిస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. ఉలికి అది చక్కగా లొంగుతుంది. బిగిసిపోయి ఉంటే అయిదు నిమిషాలు ఎండలో పెట్టు, మెత్తబడుతుంది. ఎండకి మన దగ్గర కరువు లేదు. వడ్రంగి చేత ఒక పలక చేయించుకో: కింద అంచుకి ఒక బద్ద, పైన అవతలి అంచుకి ఒక బద్ద. కింది బద్ద బల్లకి తగిలి ఆగుతుంది, పై బద్దకి లినో ఆనుతుంది. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ఈ ఒక్క మాట దగ్గర నేను గట్టిగానే ఉంటాను.

వంపు వచ్చినప్పుడు ఉలిని తిప్పకు, లినోని తిప్పు. కుడిచెయ్యి దాదాపు కదలకుండా, ఎడమచెయ్యి నెమ్మదిగా ముక్కని తిప్పుతూ ఉంటే వంపు తెగకుండా వస్తుంది. ఇది బాగా వంటబట్టాలంటే పడవ మీద రాసి ఉండే పేరు చెక్కు. తెలుగు అక్షరాలన్నీ వంపులే. పైగా అచ్చులో సరిగ్గా రావాలంటే లినో మీద తిరగేసి ఉండాలి. ట్రేసింగ్ కాగితం మీద రాసుకుని, బోర్లించి దింపుకో. ‘ద’ కడుపులో ఉన్న చిన్న ఖాళీ, ‘ఠ’లో చుక్క, కింద ఒత్తుల సందులు ఇంకుకి పూడిపోయే చోట్లు. అక్కడ ఇంగ్లీషు V ఆకారపు సన్న ఉలితో రెండు గీతలు లోతుగా తియ్యి.

ఇంకు ఎంత అన్నది చూపుతో కన్నా చెవితో తెలుస్తుంది. గాజు పలక మీద రోలర్ ఆడిస్తున్నప్పుడు ఇంకు ఎక్కువైతే బంకగా చప్పుడొస్తుంది, పైన నారింజ తొక్కలా గుంటలు కనిపిస్తాయి. సరిపడా ఉంటే సన్నగా చిరచిరలాడుతుంది. ఆ శబ్దం వచ్చాకే లినో మీదికి తీసుకెళ్లు. ప్రెస్ ఖాళీ లేదని దిగులు పడొద్దు. కాగితం పరిచి, నున్నటి చెంచా వెనక వైపుతో మధ్య నుంచి అంచులకి రుద్దు. ఒక మూల ఎత్తి చూసి, వెలవెలబోయిన చోట మళ్లీ రుద్దొచ్చు. ప్రెస్సులో ఆ వీలు లేదు. హాస్టల్ గదిలో కిరోసిన్‌తో కడగకు, ఆ ఆవిరి మంచిది కాదు. ముందు వంటనూనెతో తుడిచి, తరవాత సబ్బు పెట్టు.

రంగుల దగ్గరికి వచ్చాక ఒకే ముక్కని దఫాలవారీగా చెక్కుతూ పోయే పద్ధతి చేసి చూడు. మొదటి రంగు అన్ని కాగితాల మీదా వేసెయ్యాలి. తరవాత ఆ రంగు మిగలాల్సిన చోట చెక్కేసి రెండో రంగు, మళ్లీ చెక్కి మూడో రంగు. చివరికి లినో ముక్కలో ఏమీ మిగలదు, వెనక్కి వెళ్లే దారీ ఉండదు. పాడయ్యేవి ఎలాగూ ఉంటాయి కాబట్టి నీకు పది కావాలంటే పదిహేను కాగితాలతో మొదలుపెట్టు.

మధ్యలో ఒకరోజు సరదాగా చేప అచ్చు వెయ్యి. జపాన్ జాలర్లలో గ్యోటకు అని ఉంది, పట్టిన చేపకి ఇంకు పూసి పల్చటి కాగితం మీద అద్దడం. మనకి చందువ దొరుకుతుంది, బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి వీలు. ఉప్పుతో జిగురంతా కడిగి, గుడ్డతో బాగా తుడిచి, రెక్కల కింద మట్టి ముద్ద పెట్టి గుండుసూదులతో విప్పి నిలబెట్టు. నీళ్లలో కలిసే ఇంకు పల్చగా పూసి, కాగితం వేసి, వేళ్లతో తల నుంచి తోక వైపు నొక్కుకుంటూ పో. కన్ను వదిలేసి తరవాత బ్రష్‌తో పెట్టు. చేప పొలుసు ఎంత క్రమంగా పేర్చి ఉంటుందో ఆ అచ్చు చూపించినట్టు ఏ పెన్సిల్ బొమ్మా చూపించదు.

గియ్యడం, కాగితం పని, అచ్చు వేరు వేరు సబ్జెక్టులని మార్కుల కోసం అనుకో, మనసులో మాత్రం అనుకోకు. బెంగాలీ కళాకారుడు సోమనాథ్ హోర్ ‘గాయాలు’ అనే బొమ్మల వరసలో ఇంకు అసలు వాడలేదు. మైనం పలకల మీద, మట్టి మీద కోతలు పెట్టి, కాల్చి, వాటికి సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జు నొక్కాడు. తెల్ల కాగితం మీద తెల్లటి గాయం. అది బొమ్మా, కాగితం పనా, అచ్చా? మన చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు శిల్పం నేర్చుకున్న మనిషి. శాంతినికేతన్ నుంచి లండన్, అక్కడి నుంచి పారిస్ వెళ్లి, హేటర్ అనే కళాకారుడు నడిపిన అచ్చుబొమ్మల స్టూడియో అటెలియే 17లో రాగి, జింకు పలకల్ని శిల్పంలాగే ఎత్తుపల్లాలుగా చెక్కాడు. నూనె ఎక్కువ కలిపిన ఇంకు గట్టి రోలర్‌తో ఎత్తుల మీద, చిక్కటి ఇంకు మెత్తటి రోలర్‌తో పల్లాల్లో. పల్చటి ఇంకు ఉన్నచోట చిక్కటిది అంటుకోదు. అలా ఒకే పలక నుంచి ఒకే దఫాలో ఎన్నో రంగులు తీశాడు. చెయ్యి శిల్పానిది కాకపోతే ఆ ఆలోచన వచ్చేదే కాదని నా నమ్మకం.

ఇప్పుడు చిన్న చిన్న సంగతులు. ప్రతి ప్రింట్ వెనక పెన్సిల్‌తో కాగితం ఏది, ఇంకులో ఎంత నూనె కలిపావు, తేదీ, వానా ఎండా రాయి. పాడైనవి కూడా దాచు. ఒకసారికి ఒక్కటే మార్చు, కాగితం మారిస్తే ఇంకు మార్చకు. సముద్రపు గాలికి ఉలులు, కత్తెరలు తొందరగా తుప్పు పడతాయి. పని అవగానే కుట్టుమిషన్ నూనె రాసి గుడ్డలో చుట్టు. కాగితాలు గోడకి ఆనించి పెట్టకు, బూజు పడుతుంది. బాగా వచ్చినవాటి కింద ఎడమవైపు 3/10 అని వరస సంఖ్య, మధ్యలో పేరు, కుడివైపు సంతకం, అంతా పెన్సిల్‌తోనే. ఎవరైనా "ఇది కాపీయే కదా, ఇంత ధరేంటి" అంటే చిన్నబుచ్చుకోకు. ఒక్కొక్కటీ నీ చేత్తో ఇంకు పూసి, చెంచాతో రుద్ది తీసిందేనని చెప్పు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. నా ఉలుల పెట్టె నీకోసం తీసి పెడతాను, సాన పట్టడం కూడా నేర్పిస్తాను. హార్బర్‌లో వేసిన బొమ్మల్లో నీకు నచ్చనివి కూడా పట్టుకురా. ఏ పడవ చెక్కాలో వాటిని ముందేసుకుని చూద్దాం.

మీ అత్త