లేని డ్రమ్స్ గురించి రాయి

చిరంజీవి తమ్ముడికి,

జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ బాణీలను స్టీవ్ లేసీ ఒక్కడే సొప్రానో సాక్సోఫోన్ మీద వాయించిన ‘ఓన్లీ మంక్’ ఆల్బమ్ (రికార్డింగ్ 1985) మీద నీ వ్యాసం చదివాను. నాలుగు చోట్ల ‘ఏకాంతం’ అన్నావు. ఆ మాట కొట్టేసి చూడు, ఏం మిగిలిందో. అక్కడ పియానో లేదు, బేస్ లేదు, డ్రమ్స్ లేవు. వాటి పని అతను ఎలా నెట్టుకొచ్చాడో రాయాలి.

ముందు మంక్ పియానో వినాలి. 1948 జులై 2న రికార్డైన ‘మిస్టీరియోసో’ తీసుకో. 12 బార్ల బ్లూస్ (బారు అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది), బారుకు 4 బీట్లు, మొత్తం 48. వేళ్ల మీద లెక్కపెట్టు. కింద ఒక స్వరం, సిక్స్త్ దూరంలో (కిందదాన్ని ఒకటిగా లెక్కపెడితే ఆరోది) పైన ఇంకోటి, మళ్లీ కిందది: బాణీ ఇలా నడుస్తుంది. రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి కాబట్టి ఒంటి సాక్సోఫోన్‌కు సరిగ్గా అమరింది.

‘ఎవిడెన్స్’ అలా కాదు. ‘జస్ట్ యూ, జస్ట్ మీ’ పాట కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వరుస మీద కట్టిన 32 బార్ల బాణీ. స్వరాల మధ్య ఖాళీలు, అవి కూడా బీటుకు అటూ ఇటూ పడతాయి. అందుకే నీకు బారు మొదలు తప్పిపోయి, ‘లయ వదిలేశాడు’ అని రాశావు. ఆ పాత పాటను లోలోపల పాడుకుంటూ విను, దారి దొరుకుతుంది.

‘మిస్టీరియోసో’ సి మేజర్‌ శ్రుతిలో ఉందని నువ్వు రాసింది తప్పు. సొప్రానో బి-ఫ్లాట్ వాద్యం. వాయించేవాడి సి మనకు బి-ఫ్లాట్‌గా వినిపిస్తుంది. నువ్వు చూసిన నొటేషన్ సాక్సోఫోన్‌దై ఉంటుంది.

సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్‌తో పోలిక ఉంచు, కానీ ఆయనది సొప్రానో కన్నా కింది స్థాయిలో పలికే ఆల్టో సాక్సోఫోన్ అనీ, పక్కన మృదంగం, వెనక శ్రుతి ఉండేవనీ చెప్పు. ‘సంగతి’ మంచి మాట, వదులుకోకు. బాణీలో చిన్న ముక్క పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి పెంచడం త్యాగరాజ కీర్తన విన్నవాళ్లకు వెంటనే అందుతుంది. అయితే కీర్తన సంగతులు పాఠంలో వచ్చినవి, లేసీవి అప్పటికప్పుడు పుట్టినవి.

లేసీ జీవితానికి రెండు పేజీలెందుకు? 1960లో మంక్ బృందంలో వాయించాడన్న వాక్యం చాలు. దానికంటే, పూర్తిగా మంక్ బాణీలతోనే 1958లో అతను చేసిన ‘రిఫ్లెక్షన్స్’ ఆల్బమ్‌ను ‘ఓన్లీ మంక్’ పక్కన పెట్టి విను. అక్కడ అతను ఊపిరి తీసుకున్నా ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ నడుస్తూనే ఉంటాయి. ఇక్కడ ఊపిరి తీసుకుంటే సంగీతం ఆగుతుంది, లెక్క మాత్రం ఆగకూడదు. ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నాడో, బారు చివరా మధ్యలోనా, నిమిషం సెకనుతో సహా రాసి ముందు ఆ కాగితం పంపు. వ్యాసం తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య