టేబుల్ వైన్ అంటే తక్కువ రకమేనా?

ప్రశ్న: నమస్తే అండీ. వారాంతంలో ఇంట్లో ఇద్దరం చెరో గ్లాసు వైన్ తాగుతాం, ఖరీదైనవి కొనలేం. చవగ్గా దొరికేవాటి మీద చాలావరకు టేబుల్ వైన్ అనో, ప్రాంతం పేరే లేకుండానో ఉంటోంది. అవి నాసిరకమా? తక్కువలో మంచిది ఎలా పట్టుకోవాలి?

జవాబు: నాసిరకం అని తీసిపారేయకండి. టేబుల్ వైన్ అనేదానికి ఒక్కో దేశంలో ఒక్కో లెక్క. అమెరికాలో ఆల్కహాల్ 7 నుంచి 14 శాతం లోపు ఉంటే చాలు ఆ పేరు వేసుకోవచ్చు, రుచితో సంబంధమే లేదు. యూరప్‌లో మాత్రం అది వైన్ వర్గీకరణలో అట్టడుగు మెట్టుగా ఉండేది, 2009లో రూల్స్ మార్చాక ఫ్రాన్స్‌లో ఆ పేరు పోయి వాన్ ద ఫ్రాన్స్ అని వస్తోంది, దాని పైన ఐజీపీ (ఫలానా ప్రాంతానిదని చెప్పే గుర్తు), ఆ పైన ఏఓపీ (అంతకంటే కఠినమైన ప్రాంతపు గుర్తు, సీసాల మీద పాత పేరు ఏఓసీ కూడా కనిపిస్తుంది). పైమెట్టుకి వెళ్లేకొద్దీ ఏ నేల, ఏ ద్రాక్ష, ఎంత దిగుబడి అన్న రూల్స్ బిగుస్తాయి. బావుంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు. ఇటలీలో సస్సికాయా అనే రెడ్ వైన్ ఉంది, 1968 పంట నుంచి మార్కెట్లోకి వచ్చింది, ఆ ప్రాంతం రూల్స్‌లో అలాంటి రెడ్‌కి చోటు లేకపోవడంతో ఏళ్ల తరబడి టేబుల్ వైన్ అనే లేబుల్‌తోనే అమ్మారు, అప్పటికే దానికి ప్రపంచమంతా పేరొచ్చేసింది కూడా!

ఇక రేటు సంగతి. మీరిచ్చే డబ్బులో చాలా భాగం పేరున్న ఊరి భూమి ధరకీ, కొత్త ఓక్ పీపాలకీ పోతుంది, అందుకే పేరు తక్కువున్న ప్రాంతాల వైపు చూడండి. ఫ్రాన్స్‌లోనే పేరున్న బోర్డో ప్రాంతం బదులు లాంగ్‌డాక్ ప్రాంతం, షాంపేన్ బదులు స్పెయిన్ కావా అనే బుడగల వైన్ (అదీ షాంపేన్‌లాగే సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేసేదే), ద్రాక్ష రకాల్లో అయితే రెడ్‌లో స్పెయిన్ గర్నాచా, అర్జెంటీనా మాల్బెక్, వైట్‌లో సౌతాఫ్రికా షెనిన్ బ్లాంక్, నాకైతే చవక వైట్‌లలో దీన్ని మించింది లేదు.

కొనేముందు సీసా వెనక్కి తిప్పి చదవండి. ద్రాక్ష పేరు, ప్రాంతం, పంట ఏడాది, ఎవరు బాట్లింగ్ చేశారు, ఇవన్నీ స్పష్టంగా రాసినవాళ్లని నేను ఎక్కువ నమ్ముతాను. రిజర్వ్ అన్న మాట చూసి మాత్రం పడిపోకండి, స్పెయిన్‌లో రెడ్ మీద రెసెర్వా అని ఉంటే కనీసం 3 ఏళ్లు నిల్వ ఉంచారని, అందులో ఏడాది ఓక్ పీపాలో అని అర్థం, అదే అమెరికాలో రిజర్వ్ అని ఎవరైనా వేసుకోవచ్చు. బరువైన సీసాకి కూడా డబ్బు మీరే కడతారు, స్క్రూ మూత ఉంటే చవకబారుదని అనుకోనక్కర్లేదు.

చవక వైట్ అయితే ఏడాది రెండేళ్ల లోపు పంటదే తీసుకోండి, దాచితే తాజాదనం పోతుంది. రెడ్‌ని తాగేముందు ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, వేడిగా ఉంటే ఆల్కహాల్ ఘాటే ముక్కుకి కొడుతుంది. కొత్తది ఏదైనా ముందు ఒక్క సీసానే కొనండి, మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బానే ఉంటుంది, నచ్చితే అదే తయారీదారు చేసే వేరే ద్రాక్ష వైన్ కూడా ట్రై చేయండి.