టీడీపీ-43కి నరాల బయట ఏం పని?

"ఏఎల్ఎస్ (కండరాల్ని కదిలించే నరాలు చచ్చిపోయే జబ్బు) రోగుల నరాల కణాల్లో పేరుకుపోయే ప్రొటీనే కదా టీడీపీ-43, మిగతా ఒంట్లో దానికి పనేముంది?" అని అడిగారు. చాలా ఉంది. (ముందే చెప్తున్నా, పార్టీ కాదు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో "టీడీపీ మీద పని చేస్తున్నా" అంటే మా నాన్న "చదువుకోమని పంపితే రాజకీయాలేంట్రా" అన్నారు.)

నేను దీన్ని చూసింది ఎలుక కండర కణాల్లో. సీ2సీ12 అంటారు. మామూలుగా విడివిడిగా పెరుగుతాయి. మామూలు సీరం (కణాలు పెరగడానికి పోసే, రక్తం నుంచి తీసిన ద్రవం) తీసేసి 2 శాతం గుర్రం సీరం పెడితే నాలుగైదు రోజుల్లో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పొడుగాటి పోగులవుతాయి. నాలుగో రోజు, టీడీపీ-43కి అతుక్కునే యాంటీబాడీతో అది ఆకుపచ్చగా కనబడేలా ప్లేట్ స్టెయిన్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే, కేంద్రకంలో ఉండాల్సిన ఆకుపచ్చ రంగు బయటంతా కనబడింది. ఏఎల్ఎస్ ఫొటోల్లో చూసేది ఇదే కదా! యాంటీబాడీ పాడైందేమోనని టెన్షన్. మళ్లీ చేశా, మళ్లీ అదే. మా గైడ్ నవ్వి, 2018లో నేచర్‌లో వచ్చిన పేపర్ చేతిలో పెట్టారు. దెబ్బతిన్న కండరం తిరిగి పెరిగేటప్పుడు టీడీపీ-43 కేంద్రకం దాటి వచ్చి, కండరం ముడుచుకోవడానికి కావాల్సిన ప్రొటీన్ల ఆర్ఎన్ఏలను పట్టుకుని గుంపు కడుతుందట. పోగు ముదిరాక ఆ గుంపులు మాయమైపోతాయి. జబ్బులో మాయం కావు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అని పెద్దవయసులో వచ్చే కండరాల జబ్బులోనూ ఇది కేంద్రకం బయట పేరుకుంటుంది.

నిజానికి నరాల ముద్ర దీనికి ఆలస్యంగా పడింది. 1995లో మొదట దొరికింది హెచ్ఐవీ మీద పనిలో. 2001లో, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే వారసత్వ జబ్బు) జన్యువు స్ప్లైసింగ్‌లో, అంటే ఆర్ఎన్ఏ ముక్కల్ని కత్తిరించి అతికించేటప్పుడు, 9వ ఎక్సాన్ అనే ముక్కని వదిలేయించేది ఇదేనని తేలింది. ఏఎల్ఎస్ సంగతి బయటపడింది 2006లో. ఇక 2010లో, ఎదిగిన ఎలుకల్లో టీడీపీ-43 జన్యువు తీసేస్తే ఒంట్లో కొవ్వు గబగబా కరిగిపోయి చచ్చిపోయాయి. కొవ్వు వాడకంతో సంబంధమున్న టీబీసీ1డీ1 అనే జన్యువు పని తగ్గిపోయింది. పిండంలోనే తీసేస్తే అసలు పుట్టనే పుట్టవు.

మీరూ కండర కణాల్లో చూడబోతుంటే, సీరం మార్చకముందు ప్లేట్ ఒకటి దాచి, పోల్చుకోవడానికి దాన్నీ పక్కనే స్టెయిన్ చేయండి. నేను ఆ పని చేయక రెండు వారాలు పోగొట్టుకున్నా.