పాట మధ్యలో కరకర, లాప్‌టాప్ బిగుసుకుపోవడం: ర్యామ్ కొనే ముందు ఇవి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. ఐ5 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, పాటలు కట్టే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్, అందులో రికార్డు చేసిన వాద్యాల స్వరాలని వాయించే కాంటాక్ట్ అనే ప్లగిన్‌లో స్ట్రింగ్స్, తబలా లైబ్రరీలు, పైన ఐదు వోకల్ ట్రాకులు. పాట సగం కట్టేసరికి కరకరమని చప్పుడు వస్తోంది, ఒక్కోసారి మొత్తం బిగుసుకుపోతోంది, 16 జీబీ చేయిస్తే పోతుందా లేక కొత్తదే కొనాలా అని అడిగావు. నీ విషయంలో ర్యామ్ వేయించాల్సే రావచ్చు. కానీ బిగుసుకుపోవడం వేరు, కరకర వేరు. ర్యామ్ వాటిలో ఒక జబ్బుకే మందు, కాబట్టి డబ్బు తీసే ముందు నీ మెషిన్‌కి ఏది చాలడం లేదో కనుక్కో.

నేను మల్కాజిగిరిలో ఇంట్లోనే చిన్న గదిలో షార్ట్ ఫిల్ములకీ భక్తి పాటలకీ ట్రాకులు చేస్తుంటాను. పాటలు చేసుకునే కుర్రాళ్లు లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వస్తూ ఉంటారు, అప్పటికే ర్యామ్ పెంచుకుని, అయినా అదే కరకర అని. వాళ్లతో కూర్చుని చూసిన మీదట చెబుతున్నాను.

ముందు నీ బరువైన ప్రాజెక్టు తెరిచి ప్లే చెయ్యి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌కి వెళ్లి మెమరీ చూడు. 90 శాతం దాటి, అదే సమయంలో డిస్క్ కూడా ఆగకుండా పనిచేస్తుంటే నీకు నిజంగానే ర్యామ్ చాలట్లేదు. విండోస్ చోటు లేక కొంత మెమరీని డిస్క్ మీదకి తోసి మళ్లీ తెచ్చుకుంటూ ఉంటుంది, బిగుసుకుపోయేది అందుకే. మెమరీ 60, 65 దగ్గరే ఉండి కరకర వస్తుంటే మాత్రం ర్యామ్ ఎంత పెంచినా ఆ చప్పుడు పోదు.

కరకర ఎందుకొస్తుందో చెబుతాను, ఇది అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. సౌండ్‌ని కంప్యూటర్ చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసి పంపుతుంది. సెకనుకి 44,100 శాంపిళ్ల (సౌండ్ కొలతల) రేటులో బఫర్, అంటే ఆ ముక్క సైజు, 256 శాంపిళ్లు పెడితే ఒక్కో ముక్కకి దాదాపు 5.8 మిల్లీసెకన్లు టైమ్. ఆ లోపల అన్ని ప్లగిన్ల లెక్కలూ పూర్తవ్వాలి, ఒక్కసారి ఆలస్యమైనా అక్కడ ఖాళీ వచ్చి చెవికి చిటపటలాడుతుంది. బఫర్‌ని 1024 చేస్తే 23 మిల్లీసెకన్లు దొరుకుతాయి, ప్రాసెసర్‌కి ఊపిరాడుతుంది. మిక్సింగ్ చేసేటప్పుడు 1024 పెట్టుకో, ఏ నష్టమూ లేదు. పాడేటప్పుడు మాత్రం నీ గొంతు నీకు ఆలస్యంగా వినబడుతుంది కాబట్టి 128 గానీ 256 గానీ ఉండాలి. ఎఫ్‌ఎల్ ఆడియో సెట్టింగ్స్‌లో అండర్‌రన్స్ అని ఒక అంకె కనిపిస్తుంది. ప్లే చేస్తుంటే అది పెరుగుతూ పోతోందంటే సమస్య ఇక్కడే.

డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) కూడా చూడు. నీకు ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె, ఉందో లేదో రాయలేదు. ఉంటే దానితో వచ్చే సొంత ఏసియో డ్రైవరే (ఆలస్యం తక్కువగా ఉండే ఆడియో డ్రైవర్) వాడు. లేకపోతే ఎఫ్‌ఎల్ స్టూడియో ఏసియో, ఏసియో4ఆల్ రెండూ ప్రయత్నించి ఏది నీ మెషిన్‌లో నిలకడగా ఉంటే అది ఉంచుకో. ప్రాసెసర్ ఖాళీగానే ఉన్నా చిటపటలు వస్తుంటే లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్‌ని కాసేపు నడిపితే అడ్డుపడుతున్న డ్రైవర్ ఏదో పేరుతో సహా చూపిస్తుంది. నేను చూసినవాటిలో చాలాసార్లు వైఫై డ్రైవరే. రికార్డింగ్ అప్పుడు వైఫై ఆపేసి చూడు, ఇంకో రూపాయి ఖర్చు లేదు. చార్జర్ పెట్టి ఉంచడం, పవర్ సెట్టింగ్‌ని బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టడం ఎలాగూ చెయ్యాలి.

ఇప్పుడు ర్యామ్ సంగతి. వోకల్ ట్రాకులు ఎక్కువై మెమరీ నిండుతోందని రాశావు, అది కాదు. 24 బిట్, 44,100లో మోనో వోకల్ ఫైలు నిమిషానికి 8 ఎంబీ లోపే. నాలుగు నిమిషాల పాటకి 32 అనుకో, ఐదు ట్రాకులూ కలిపి 160 ఎంబీ. ఎఫ్‌ఎల్ వాటిని మామూలుగా మెమరీలోకే ఎక్కిస్తుంది, వద్దనుకుంటే ఆ క్లిప్ సెట్టింగ్స్‌లో కీప్ ఆన్ డిస్క్ నొక్కొచ్చు, కానీ దానివల్ల మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. తినేది కాంటాక్ట్. ప్రతి స్వరానికీ మెల్లగా వాయించినది, గట్టిగా వాయించినది, ఒకే స్వరం నాలుగైదు రకాలుగా, ఇలా వేల శాంపిళ్లు, ఇక్కడ అంటే రికార్డు చేసిన చిన్న ఫైళ్లు, ఉంటాయి. ప్రతిదాని మొదటి ముక్కని ర్యామ్‌లో పెట్టుకుని, మిగతాది నువ్వు కీ నొక్కినప్పుడు డిస్క్ నుంచి చదువుతుంది. నీ పాటలో ఆ వయొలిన్ సెక్షన్ ఒక పన్నెండు స్వరాలే వాయిస్తున్నా, వాద్యం మొత్తం ఎక్కి కూర్చుంటుంది.

దీనికి కాంటాక్ట్‌లోనే పర్జ్ అని ఒక ఆప్షన్ ఉంది, చాలామంది దాని జోలికే వెళ్లరు. వాద్యం పైన పర్జ్ మెనూలో పర్జ్ ఆల్ శాంపిల్స్ నొక్కు, ర్యామ్ మొత్తం వదిలేస్తుంది. తర్వాత పాట ఒకసారి మొదటి నుంచి చివరిదాకా ప్లే చెయ్యి. పాటకి కావలసిన స్వరాలే తిరిగి ఎక్కుతాయి, ఆ మొదటిసారి ఒకటి రెండు స్వరాలు వినబడకపోవచ్చు, కంగారు పడకు. అన్ని వాద్యాలకీ చేస్తే 8 జీబీలోనే ఎంత చోటు మిగులుతుందో నువ్వే చూస్తావు. లైబ్రరీ ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే కాంటాక్ట్ ఆప్షన్స్‌లో ప్రీలోడ్ బఫర్ సైజు, అంటే ర్యామ్‌లో పెట్టుకునే ఆ మొదటి ముక్క సైజు కూడా తగ్గించొచ్చు. పాత హార్డ్ డిస్క్ మీద ఉంటే తగ్గించకు. దాని హెడ్ అటూ ఇటూ తిరుగుతూ చిన్న చిన్న ముక్కలు వెతుక్కోవాలి కాబట్టి అందుకోలేదు, అప్పుడు నీకు ర్యామ్ కంటే ముందు ఎస్‌ఎస్‌డీ కావాలి.

పూర్తయిన ట్రాకుల్ని ఆడియోగా మార్చేసుకో. ప్లేలిస్ట్‌లో ట్రాక్ మీద రైట్ క్లిక్ చేస్తే కన్సాలిడేట్ ఉంటుంది. మార్చాక పాత ప్లగిన్‌ని తీసేస్తేనే ర్యామ్ వెనక్కొస్తుంది, మ్యూట్ చేసి వదిలేస్తే రాదు, కాబట్టి ముందు ప్రాజెక్టుని వేరే పేరుతో సేవ్ చేసి అప్పుడు తీసెయ్యి. ప్రతి వోకల్ మీద విడివిడిగా రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) పెట్టకుండా ఒక మిక్సర్ ట్రాకులో ఒకే రివర్బ్ పెట్టి అన్నింటినీ దానికి పంపు. ఇంకొకటి, ర్యామ్ బూస్టర్, క్లీనర్ అని వచ్చే సాఫ్ట్‌వేర్లు అస్సలు వేసుకోవద్దు. అవి మెమరీలో ఉన్నదాన్ని బలవంతంగా బయటికి తోస్తాయి, నీ సాఫ్ట్‌వేర్ దాన్నే మళ్లీ తెచ్చుకోవాలి. పేజ్ ఫైల్ (చోటు లేనప్పుడు విండోస్ మెమరీని తోసే డిస్క్ ఫైలు) ఆపెయ్యమని సలహా ఇచ్చేవాళ్ల మాట కూడా వినకు, ర్యామ్ నిండినరోజు ప్రాజెక్టు సేవ్ కాకుండానే మూసుకుపోతుంది.

మన ఊరికి సంబంధించి ఒక ముఖ్యమైన సంగతి, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది, పాడేటప్పుడు మైకులో చప్పుడు రాకూడదని మనం ఫ్యానూ ఏసీ రెండూ ఆపేస్తాం, కిటికీలు మూసేస్తాం. ఆ గదిలో లాప్‌టాప్ ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగా నడిచిన ప్రాజెక్టే మధ్యాహ్నం చిటపటలాడితే ఇదే కారణం. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర గిగాహెర్ట్జ్ అంకె పడిపోవడం కనిపిస్తుంది. లోపల దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించు. అంతకంటే బాగా పనిచేసేది, రికార్డింగ్‌కి వేరే ప్రాజెక్టు పెట్టుకోవడం. ట్రాకుని మొత్తం ఒక స్టీరియో వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఖాళీ ప్రాజెక్టులో ఆ ఒక్క ఫైలూ నీ గొంతూ మాత్రమే ఉంచి, బఫర్ 128లో పాడు. ప్రాసెసర్‌కి పనే ఉండదు, లాప్‌టాప్ ఫ్యాన్ మోత మైకులో పడదు. పాడిన ఫైళ్లని తర్వాత అసలు ప్రాజెక్టులోకి తెచ్చుకో. నా దగ్గరికి పాడటానికి వచ్చేవాళ్లందరికీ నేను ఇలాగే చేస్తాను, నా మెషిన్‌లో 32 జీబీ ఉన్నా సరే.

ఇవన్నీ చేశాక కూడా మెమరీ నిండుతుంటే అప్పుడు కొను. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది, రెండింటిలో ఒకటే వాడుతోందంటే నీ అదృష్టం. ఉన్నదానికి తోడుగా అదే రకం, అదే వేగం 8 జీబీ స్టిక్ వేస్తే రెండూ డ్యూయల్ చానల్‌లో, అంటే జంటగా ఒకేసారి, పనిచేస్తాయి. డీడీఆర్4 రకం ర్యామ్ స్లాట్‌లో డీడీఆర్5 రకం పట్టదు, వేగాలు వేరైతే రెండూ తక్కువ వేగంలో నడుస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి లాప్‌టాప్ పట్టుకునే వెళ్లు, మోడల్ నంబర్ మాత్రం ఫోన్‌లో చెప్పి తెప్పించుకోకు. నీ ముందే బిగించమను, ఆన్ చేసి 16 చూపిస్తోందో లేదో చూసుకో, వారంటీ ఉన్న బిల్లు తీసుకో, ఇంటికొచ్చాక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడుపు. నువ్వు చేసే రకం పాటలకి 16 చాలు. ఇరవై ముప్పై వాద్యాలతో ఆర్కెస్ట్రా కట్టేవాళ్లకే 32 అవసరం. కొన్ని సన్నటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, అదనపు స్లాటే ఉండదు. నీది అలాంటిదైతే, పర్జ్ చేసినా నిండుతుంటే, అప్పుడే కొత్త లాప్‌టాప్ గురించి ఆలోచించు.

మోడల్ నంబర్, ప్లే అవుతున్నప్పుడు మెమరీ శాతం, స్లాట్ల సంఖ్య, ఆడియో సెట్టింగ్స్‌లో ఉన్న డ్రైవర్ పేరు ఇక్కడ రాసిపెట్టు. ఏ ర్యామ్ పడుతుందో, అసలు అవసరమో లేదో చూసి చెబుతాను.